గేర్ హెడ్‌కు లక్ష పెట్టొచ్చా? నెల్లూరు, ప్రకాశం ఫొటోగ్రాఫర్లకు ఒక లెక్క

ముందే చెప్పేస్తాను. మీ కెమెరా ముందుండేది కదలని, చదునైన, సూటి అంచులున్న వస్తువైతే గేర్ హెడ్ మీద, అంటే స్టాండు మీద కెమెరాను నాబ్‌లు తిప్పి కొద్దికొద్దిగా కదిపే భాగం మీద, ఖర్చు పెట్టొచ్చు. ఎగిరేదో, నడిచేదో, నవ్వేదో అయితే ఆ డబ్బుతో ఇంకేదైనా కొనుక్కోండి. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవాళ్లకే అసలు తికమక. వారమంతా గ్రానైట్ యార్డులో పలకలు తీసే మనిషి ఆదివారం పులికాట్ గట్టున రాజహంసల కోసం కూర్చుంటాడు, ముహూర్తాలు పడితే పెళ్లిళ్లకు పోతాడు. మన వైపు ఒక్క రకం పనితో స్టూడియో నడవదు. అందుకని "ఏ హెడ్ మంచిదన్నా?" అని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఇది: నీకు డబ్బులు ఏ పనిలో వస్తున్నాయి, ఆ పనిలో ఫ్రేము సరిచేసుకోవడానికే ఎంతసేపు పోతోంది?

హెడ్ అంటే స్టాండు కాళ్లకూ కెమెరాకూ మధ్య కూర్చునే భాగం. బాల్ హెడ్‌లో ఒక గుండు, దాన్ని పట్టి బిగించే నాబ్. నాబ్ వదిలితే కెమెరా అన్ని దిక్కులకూ ఒకేసారి కదులుతుంది, బిగిస్తే అన్నీ ఒకేసారి ఆగుతాయి. తొందర పనికి అంతకంటే హాయి లేదు. చిక్కెక్కడంటే, పక్కకు వాలిన ఆ కాస్తా సరిచేద్దామని నాబ్ వదిలామా, అప్పటిదాకా సరిగ్గా కుదిరిన ముందువాలు కూడా చెడుతుంది. ఇక బిగించి చేయి తీసేసరికి లెన్సు బరువుకు కెమెరా ముక్కు కొంచెం కిందికి దిగుతుంది. అలవాటైనవాళ్లు దిగే ఆ కాస్తా లెక్కేసుకుని ముందే కొద్దిగా పైకి పెట్టి బిగిస్తారు. త్రీవే హెడ్‌లో ఒక్కో దిక్కుకు ఒక్కో పిడి ఉంటుంది. ఒకటి వదిలినా మిగతా రెండూ కదలవు. గేర్ హెడ్‌లో పిడి ఉండాల్సిన చోట పళ్లచక్రం, దాన్ని నడిపే మరల కడ్డీ ఉంటాయి. నాబ్ ఎంత తిప్పితే అంతే కదులుతుంది, చేయి తీస్తే అక్కడే నిలుస్తుంది. బిగించేటప్పుడు జారడం అనే సమస్యే ఉండదు.

వీటిలో దేనికి డబ్బు పెట్టాలన్న ప్రశ్నకు ముందు ఇంకొకటి తేలాలి. మీ స్టాండు కాళ్లు ఎలాంటివి?

కాళ్ల సంగతి తేలాకే హెడ్

కాళ్లూ హెడ్డూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన రెండు స్ప్రింగుల్లాంటివి. మొత్తం గట్టితనం ఎప్పుడూ బలహీనమైనదాని దగ్గరే ఆగుతుంది. అంకెల్లో చూద్దాం. కాళ్ల గట్టితనం 500 అనుకోండి, హెడ్‌ది 5000. రెండూ కలిస్తే వచ్చేది 5500 కాదు, సుమారు 455. ఇప్పుడు డబ్బు పోసి హెడ్‌ను రెట్టింపు గట్టిదిగా, అంటే 10000గా మార్చారు. మొత్తం 476కు చేరుతుంది, అంతే. పెరిగింది నూటికి ఐదు పాళ్లు. అదే డబ్బు కాళ్ల మీద పెట్టి 500ను 1000 చేస్తే, పాత హెడ్‌తోనే మొత్తం 833 అవుతుంది. సన్న కాళ్ల స్టాండు మీద ఖరీదైన హెడ్ పెట్టడం ఇసకలో గుంజ పాతి ఒంగోలు గిత్తను కట్టేసినట్టే.

మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రపు గాలికి నిలబడి తీసినవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. మధ్య కడ్డీ పైకి లేపితే లెన్సు వణుకు స్క్రీను మీద కళ్లకు కనిపిస్తుంది. కాబట్టి మీ స్టాండు నాలుగైదు వేల రూపాయల అల్యూమినియం స్టాండైతే గేర్ హెడ్ ఆలోచన పక్కన పెట్టి ముందు కాళ్లు కొనండి. మధ్య కడ్డీ లేపకుండానే కెమెరా మీ కంటి ఎత్తుకు రావాలి, అడుగు గొట్టం మరీ పెన్సిల్లా ఉండకూడదు. ఈ మాట చాలామందికి రుచించదు. హెడ్ మెరుస్తుంది, కాళ్లు మెరవవు.

చీమకుర్తి పలక ముందు

గేర్ హెడ్ తన ఖరీదును నిజంగా సంపాదించుకునే చోటు ఈ రెండు జిల్లాల్లో నాకు తెలిసి ఒకటుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్. నల్లటి రాయిలో బంగారు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. వెలుగు ఒక కోణంలో పడితేనే మెరుస్తాయి, కోణం తప్పితే రాయి ఉత్త నలుపు. కొనేవాడు దేశం అవతల ఉంటాడు, ఫొటో చూసి పలకలు ఎంచుకుంటాడు. యార్డులో వినిపించే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "అంచు వంకర పోయిందేందన్నా? బయ్యరు రాయే వంకరనుకుంటాడు."

ఆ వంకర ఎంతో చూద్దాం. పది అడుగుల పలక మీద కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు వాలితే ఈ చివరికీ ఆ చివరికీ రెండంగుళాల పైన తేడా వస్తుంది. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో అది 105 పిక్సెళ్లు. డిగ్రీలో పదో వంతుకు తెచ్చామంటే సుమారు 10 పిక్సెళ్లు, ఎవరి కంటికీ ఆనదు. బాల్ హెడ్‌తో పదో వంతు డిగ్రీకి తేలేమా? తేగలం. అదృష్టం బాగుంటే మొదటిసారికే, లేకపోతే పదోసారికి. గేర్ హెడ్‌తో ప్రతిసారీ తేగలం. తేడా అంతా ఆ "ప్రతిసారీ"లోనే ఉంది.

పక్కవాలు ఫొటో తీశాక కంప్యూటర్‌లో కూడా సరిచేయొచ్చు. ఒక డిగ్రీ తిప్పి అదే నిష్పత్తిలో కత్తిరిస్తే ఒక్కో వైపు కొలతలో రెండున్నర శాతం పోతుంది, పెద్ద నష్టమేం కాదు. కానీ పలకకు కెమెరా సరిగ్గా ఎదురుగా కాకుండా ఓరగా ఉందనుకోండి, దీర్ఘచతురస్రం కాస్తా ఒకవైపు కుంచించుకుపోతుంది. దాన్నీ సాగదీయొచ్చు, అయితే సాగదీసిన వైపు చుక్కలు ఉబ్బి మెత్తబడతాయి. చుక్కల పరిమాణం చూసి ధర కట్టే రాయికి అది మంచిది కాదు.

ఎదురుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? చదునైన పటాలనూ చిత్రాలనూ నకలు తీసేవాళ్ల దగ్గర పాత చిట్కా ఒకటుంది. పటం మీద అద్దం ఆనించి, వ్యూఫైండర్‌లో మన లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యకు వచ్చేదాకా కెమెరా కదుపుతారు. మధ్యకు వచ్చిందంటే కెమెరా పటానికి సరిగ్గా ఎదురుగా చూస్తున్నట్టు. పాలిష్ పట్టిన గెలాక్సీ పలకకు అద్దం కూడా అక్కర్లేదు, రాయే అద్దం. లైవ్ వ్యూ (కెమెరా వెనక స్క్రీను మీద కనిపించే బొమ్మ) పెట్టి, గీతల గడి తెరిచి, లెన్సు ప్రతిబింబాన్ని గడి నడిమధ్యకు తెచ్చి ఆపితే రెండు దిక్కులూ ఒకేసారి కుదురుతాయి. తర్వాత పక్కవాలు ఒక్కటి అంచుతో సరిచూసుకుంటే చాలు. చివరగా కెమెరా, మనమూ రాతిలో కనపడకుండా నల్లగుడ్డకు కన్నం చేసి, లెన్సు మాత్రం బయటికి పెట్టి అడ్డం కట్టాలి.

ఈ పని బాల్ హెడ్‌తో చేసి చూడండి. ప్రతిబింబం మధ్యకు వస్తుంది, బిగిస్తారు, పోతుంది. మళ్లీ వదులుతారు, ఈసారి అంచు వాలుతుంది. గేర్ హెడ్‌తో అయితే ఎడమ కుడి నాబ్ రెండు చుట్లు, పైకీ కిందికీ నాబ్ అర చుట్టు, అయిపోయింది. దానికి తోడు చుక్కలన్నీ మెరవాలంటే లైటు ఒక చోట పెట్టి ఒక ఫొటో, ఇంకో చోటికి మార్చి ఇంకో ఫొటో తీసి కలుపుకోవాలి. రెండింటి మధ్య కెమెరా వెంట్రుకంత కదిలినా కలవవు. ఇక్కడ కూడా గేర్ హెడ్ నిలకడ పనికొస్తుంది.

డబ్బు లెక్క మీరే వేసుకోవచ్చు. ఉదాహరణకు ఒక్కో పలకకు మూడు నిమిషాలు ఆదా అయితే, రోజుకు నలభై పలకలున్న చోట రెండు గంటలు మిగులుతాయి. నెలలో అలాంటి రోజులు నాలుగైదు ఉంటే ఇరవై వేల రూపాయల హెడ్ గురించి రెండో ఆలోచన అక్కర్లేదు. ఏడాదికి రెండు రోజులే ఉంటే త్రీవే చాలు.

ఒక జాగ్రత్త. నాబ్ ఎంత సన్నగా తిరిగినా, దేన్ని చూసి తిప్పుతున్నామో అది సరిగ్గా లేకపోతే ఫలితం సున్నా. కెమెరాలో కనిపించే ఎలక్ట్రానిక్ లెవెల్‌కే ఒక డిగ్రీ దాకా తేడా ఉండొచ్చని కొన్ని కెమెరాల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. హెడ్ మీద ఉండే బుడగ కూడా మేస్త్రి రసమట్టం ముందు బొమ్మే. పైగా యార్డులో ఇనుప స్టాండుకు ఆనించిన పలక తనే వెనక్కి వాలి ఉంటుంది. రసమట్టం చూసి కెమెరా నిలబెడితే రాతికి ఓరగా పడుతుంది. ప్రతిబింబాన్నీ, అంచునూ నమ్మండి, బుడగను కాదు.

చీర, నగ, పటం, గోపురం

వెంకటగిరి చీరల క్యాటలాగ్ తీసేవాళ్లు కూడా గేర్ హెడ్ అడుగుతున్నారు. నా మాట వేరే. గుడ్డ సాగుతుంది, మడత తిరుగుతుంది. పరిచిన తీరులో వచ్చే వంకర ముందు కెమెరా వంకర ఎంతని? ఇస్త్రీకీ, పరిచే బల్లకూ, లైట్లకూ ఖర్చు పెట్టాక మిగిలితే హెడ్. పైనుంచి కిందికి చూసి తీయాలంటే ఇంకో మెలిక ఉంది. కొన్ని చిన్న గేర్ హెడ్లు ఏ వైపుకైనా పదిహేను డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. గోడకు కట్టిన పలకకు అవి చాలు, నేల మీద పరిచిన చీరకు చాలవు. 90 డిగ్రీలు ముందుకు వంగేదో కాదో కొనేముందు అడగండి.

నగల పని మాత్రం వేరు. ఉంగరాన్ని నిజమైన సైజులోనే సెన్సారు మీదికి తెచ్చే మాక్రో లెన్సుతో తీస్తుంటే ఫుల్ ఫ్రేము కెమెరాలో (సెన్సారు వెడల్పు 36 మిల్లీమీటర్లు) ఫ్రేములో పట్టే వెడల్పు కూడా 36 మిల్లీమీటర్లే. బాల్ హెడ్ బిగించినప్పుడు ఒక్క మిల్లీమీటరు జారితే ఫ్రేములో ముప్పై ఆరో వంతు జారినట్టు. నెల్లూరు నగల దుకాణాలకు వరసగా క్యాటలాగ్‌లు చేసేవాళ్లకు గేర్ హెడ్ సుఖమే. దానికంటే ముందు ముందుకూ వెనక్కూ జరిపే మాక్రో పట్టా కొనాలి. ఆ లెన్సుకు ఫోకస్ సరిచేసేది కోణం కంటే దూరమే.

చనిపోయిన పెద్దవాళ్ల పాత ఫొటోలు పెద్దవి చేసి పటం కట్టించే పని మన ఊళ్లలో ఏ స్టూడియోకైనా ఉంటుంది. ఏ4 లోపు వాటికి స్కానర్ చాలు, కెమెరా జోలికి పోవద్దు. అద్దం ఊడదీస్తే ఫొటో చిరిగిపోయేలా ఉన్న పెద్ద పటాలకు మాత్రం గ్రానైట్ చిట్కానే పని చేస్తుంది, నల్లగుడ్డతో సహా.

గుడుల సంగతి. గోపురం నిలువు గీతలు పైకి పోతూ దగ్గరకు వాలకుండా ఉండాలంటే కెమెరా పైకెత్తకూడదు. 80 అడుగుల గోపురం, కెమెరా 5 అడుగుల ఎత్తులో, ఫుల్ ఫ్రేము మీద 24 ఎంఎం లెన్సు నిలువుగా పెట్టారనుకుందాం. కెమెరా ఎత్తకుండా శిఖరం దాకా రావాలంటే వంద అడుగులు వెనక్కి నడవాలి. ఫొటోలో కింది సగం నేలే వస్తుంది, కత్తిరించుకోవాల్సిందే. తల్పగిరి రంగనాథస్వామి గుడి ముందు అంత వెనక్కి పోయే వీలు ఎంతుందో నెల్లూరు వాళ్లకు తెలుసు. షిఫ్ట్ లెన్సు (కెమెరా ఎత్తకుండా లెన్సునే పైకి జరిపే వీలున్నది) ఉన్న మనిషికి గేర్ హెడ్ బాగా కుదురుతుంది, ఎందుకంటే లెన్సును జరిపే ముందు కెమెరా నిక్కచ్చిగా నిలువుగా ఉండాలి. షిఫ్ట్ లెన్సు లేకుండా ఎత్తి తీసి కంప్యూటర్‌లో సరిచేసేవాళ్లకు హెడ్ ఏదైనా ఒకటే. భైరవకోన లాంటి చీకటి గుహాలయాల్లో ఒకే ఫ్రేమును ఎక్కువ తక్కువ వెలుగుల్లో నాలుగైదు తీయాలి. అక్కడ కావాల్సింది కదలకుండా నిలబడడం, అది మంచి బాల్ హెడ్ కూడా చేస్తుంది. గుళ్లలో, రక్షిత కట్టడాల్లో స్టాండు వేయాలంటే ముందే అనుమతి తీసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

ఎవరికి అసలు వద్దు

నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు తీసేవాళ్లకు గేర్ హెడ్ శత్రువు. పక్షి రెక్క విప్పాక నాబ్‌లు తిప్పుతూ కూర్చుంటే ఖాళీ ఆకాశం మిగులుతుంది. 500, 600 ఎంఎం లెన్సులకు గింబల్ హెడ్ కావాలి. లెన్సు బరువు ఊగే ఇరుసుకు సమంగా వేలాడుతుంది కాబట్టి వేలితో తోస్తే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా వారం వారం సూళ్లూరుపేట వైపు పోయేవాళ్లు ఆ డబ్బు దాని మీదే పెట్టాలి.

శ్రీహరికోట రాకెట్ వెలుగు గీతను రాత్రిపూట నిమిషాల తరబడి షట్టరు తెరిచి పట్టేవాళ్లకు బాల్ హెడ్ చాలు. ఒకసారి పెట్టి బిగిస్తారు, మళ్లీ ముట్టుకోరు. పెళ్లి వీడియోలకు కుదుపు లేకుండా నున్నగా తిరిగే ఫ్లూయిడ్ హెడ్డే. గేర్ హెడ్ మీద నున్నగా పాన్ చేయడం (కెమెరాను మెల్లగా పక్కకు తిప్పడం) కుదరదు. ఉదయగిరి కోట ఎక్కేవాళ్లు ముప్పావు కిలో నుంచి కిలో పావు దాకా తూగే హెడ్ మోస్తారా లేదా అన్నది వాళ్ల మోకాళ్లనే అడగాలి. సముద్రపు ఒడ్డు పనైతే ఇంకా చెడ్డది. ఇసక రేణువు పళ్లచక్రం గ్రీజులో చిక్కితే ప్రతి చుట్టుకూ అది లోహాన్ని గీకుతూనే ఉంటుంది. బాల్ హెడ్‌ను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టుకోవచ్చు. గేర్ హెడ్‌ను విప్పి కడిగే సాహసం అందరూ చేయలేరు.

కంభం చెరువు మీద సాయంత్రం అడ్డంగా పనోరమా తీయాలనుకునేవాళ్లకు కావాల్సింది లెవెలింగ్ బేస్ (కాళ్లు వాలినా పైభాగాన్ని సమం చేసే దిమ్మ), దాని మీద పక్కకు తిరిగే భాగం. గేర్ హెడ్ కొన్ని రకాల్లో తిరిగే భాగం కిందే ఉంటుంది. కింద స్టాండు వాలి ఉంటే, పైన కెమెరా ఎంత సమంగా పెట్టినా, తిప్పేకొద్దీ హొరైజన్ ఎక్కుతూ దిగుతూ పోతుంది.

ఏ ధరలో ఏమొస్తుంది

ధరలు దుకాణాన్నీ, పన్నునూ, డాలరునూ బట్టి మారుతుంటాయి కాబట్టి అంచనాగానే తీసుకోండి. ఐదారు వేల నుంచి మంచి త్రీవే హెడ్ వస్తుంది. ఎవరూ దీని గురించి గొప్పగా చెప్పుకోరు గానీ, గేర్ హెడ్ ఇచ్చే లాభంలో పెద్ద వాటా ఇదే ఇస్తుంది, ఎందుకంటే ఒక్కో దిక్కును విడిగా బిగించే వీలు దీనికీ ఉంది. లోటల్లా ఆఖరి వెంట్రుకవాసి సవరణ దగ్గరే, బిగించేటప్పుడు కాస్త జారుతుంది.

ఇరవై వేలకు అటూ ఇటూ పెడితే అసలైన గేర్ హెడ్లు మొదలవుతాయి. మాన్‌ఫ్రోటో ఎక్స్‌ప్రో గేర్ హెడ్ 750 గ్రాములు, కంపెనీ లెక్కలో 4 కిలోలు మోస్తుంది. ఒళ్లు చాలావరకు ప్లాస్టిక్ లాంటి పదార్థం. పాతకాపు మాన్‌ఫ్రోటో 410 లోహంతో చేసింది, 1.22 కిలోలు, 5 కిలోలు మోస్తుంది. బెన్‌రో జీడీ3డబ్ల్యూహెచ్ 6 కిలోలు మోస్తుందంటారు, ప్లేటు (కెమెరా అడుగున బిగించి హెడ్‌లో ఇరికించే బిళ్ల) కూడా చాలా కంపెనీలు వాడే ఆర్కా తరహాదే వస్తుంది. వీటన్నిటికీ నాబ్ పక్కనే ఇంకో పిడి ఉంటుంది, దాన్ని నొక్కితేనో తిప్పితేనో గేరు వదులవుతుంది, కెమెరాను ఒక్కసారిగా దూరం జరపొచ్చు. గ్రానైట్ యార్డుకు, నగల బల్లకు ఈ తరగతి సరిపోతుంది. నన్నడిగితే మన దగ్గర నూటికి తొంభైమంది ఆగాల్సింది ఇక్కడే.

లక్ష దాటాక ఆర్కా స్విస్ క్యూబ్. ఇది కెమెరాను కింది నుంచి తోసి వంచదు. వంపు తిరిగిన పట్టాల మీద జరుపుతుంది, ఆ వంపు కేంద్రం పైన కెమెరా ఉండే చోట పడుతుంది. అందుకే కోణం మార్చినా ఫ్రేము పెద్దగా చోటు మారదు, బరువు ఒక పక్కకు ఒరగదు. తిరిగే భాగం కిందా పైనా రెండు చోట్లా ఉంటుంది కాబట్టి ఇందాక చెప్పిన పనోరమా తంటా కూడా లేదు. అద్భుతమైన వస్తువు. చేత్తో తిప్పి చూశాక మనసు లాగుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ షిఫ్ట్ లెన్సుతో రోజూ భవనాలు తీసేవాళ్లకూ, మ్యూజియం చిత్రాలకు నకళ్లు తీసేవాళ్లకూ తప్ప ఆ లక్ష తిరిగి రాదు. కంపెనీలు చెప్పే, హెడ్ మోసే బరువు అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చకండి. ఎవరి కొలత వాళ్లది.

కొనేముందు చేతిలో పట్టి చూడాల్సినవి

పెద్ద పని ఒక్కటే వచ్చిందా, కొనకుండా అద్దెకు తెచ్చుకోండి. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లే, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి తెచ్చుకోవచ్చు. ఒంగోలు వాళ్లకు విజయవాడ దగ్గర. అద్దెకు వాడిన ఆ రోజే మీకు తెలిసిపోతుంది, ఆదా అయిన టైము నిజమో, ఊహో.

కొనేటప్పుడు మీ కెమెరా, మీ బరువైన లెన్సు వెంట తీసుకుపోండి. దుకాణంలో ఎదురు గోడ మీద ఏదో అక్షరాన్ని లైవ్ వ్యూలో పదింతలు పెద్దది చేసి మధ్యకు తెచ్చుకోండి. నాబ్‌ను ఒకవైపు తిప్పి ఆపి, వెనక్కి తిప్పడం మొదలుపెట్టండి. నాబ్ తిరుగుతున్నా అక్షరం కదలని కాస్త దూరం ఉంటుంది, అదే గేరు పళ్ల మధ్య వదులు. కొంచెం ఉంటే ఫర్వాలేదు, ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పి ఆపితే దాని ఊసే రాదు. కానీ నాబ్ ముట్టకుండా లెన్సు కొసను వేలితో మెల్లగా నొక్కి వదిలినప్పుడు అక్షరం మొదటి చోటికి తిరిగి రాకపోతే ఆ హెడ్ వద్దు. సెకండ్ హ్యాండ్‌లో ఈ పరీక్ష మూడు నాబ్‌లకూ విడివిడిగా చేయండి. గరగరమని చప్పుడొస్తే లోపల ఇసకో, అరిగిన పన్నో ఉన్నట్టు.

ప్లేటు కూడా చూసుకోండి. మాన్‌ఫ్రోటో హెడ్లకు వాళ్ల సొంత ప్లేట్లు, మిగతా చాలావాటికి 38 మిల్లీమీటర్ల వెడల్పుండే ఆర్కా తరహా. మీ దగ్గర ఇప్పటికే ఆర్కా ప్లేట్లుంటే హెడ్ పైన క్లాంపు మార్పించే ఖర్చు కూడా కలుపుకోండి. నిలువు ఫొటోలు ఎక్కువ తీసేవాళ్లు ఎల్ బ్రాకెట్‌ను (హెడ్‌ను వంచకుండానే కెమెరాను నిలువుగా బిగించే ఎల్ ఆకారపు ప్లేటు) కూడా ఆ బిల్లులోనే రాయించుకోవడం మేలు. కెమెరాను నిలువు చేయడానికి గేర్ హెడ్‌ను 90 డిగ్రీలు పక్కకు పడేస్తే బరువంతా ఒక పన్ను మీద వేలాడుతుంది, ఆ స్థితిలో సన్న సవరణకు మిగిలే తిరుగుడు కూడా అంతంతే.